ఫైల్ వేరేటోళ్ల చేతుల ఉంటే మన ప్రోగ్రామ్ ఎట్ల ఆగాలె (నల్గొండల చెప్పిన ప్రసంగం, మాటకు మాట రాసింది)

అందరికీ నమస్తే. ఎనక కూసున్నోళ్లకు ఇనబడుతుందా? సరే, మైకు జర దగ్గర పెట్టుకుంట.

ఇయ్యాల ముచ్చటంత ఒక్క ఎర్రర్ గురించే. విండోస్ మీద ప్రోగ్రామ్ రాసిన ప్రతి ఒక్కరికి ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటది, ఈ ఫైల్‌ను ఇంకో ప్రాసెస్, అంటే నడుస్తున్న ఇంకో ప్రోగ్రామ్, వాడుతుంది, అందుకే తెరవలేకపోతున్న అని చెప్తది, నంబర్ 32. షేరింగ్ వయొలేషన్ అంటరు. ఇది చూడంగనే మనకు వచ్చే మొదటి ఆలోచన ఏందంటే, అయితే తెరిచే ముందు ఫైల్ లాక్ అయి ఉందా లేదా చూసుకుంటే సరిపోతది కద అని. ఆ ఆలోచన కాడనే తప్పు మొదలైతది. ఫైల్ ఖాళీగ ఉందా అని అడుగుడు ఒక పని, దాన్ని తీసుకునుడు ఇంకో పని అయితే ఆ రెండిటి నడుమ సందు ఉంటది, ఆ సందుల ఎవరైన దూరొచ్చు. అడుగుడు, తీసుకునుడు రెండూ ఒక్కటే పని కావాలె. నేను చెప్పేది ఇంతే, కని ఇది ఎందుకో, ఎక్కడ ఎట్ల పని చేస్తదో చూడాలంటే జర లోపలికి పోవాలె.

ఒక జాగ చెప్త, అది కండ్ల ముంగట పెట్టుకోండి. మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లులు ఎన్ని ఉన్నయో మీకు నేను చెప్పే పని లేదు, సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు చాల అటే పోతయి. యాసంగి కోతలప్పుడు మిల్లు గేటు ముంగట ట్రాక్టర్లు, లారీలు రోడ్డు దాక లైన్ కడతయి. గేటు పక్కనే వే బ్రిడ్జి, దాన్ని ఆనుకొని ఒక చిన్న రూము, రూముల ఒక పాత కంప్యూటర్. లోడు బండి కాటా ఎక్కంగనే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీద బరువు కంప్యూటర్‌కు వస్తది, ఆపరేటర్ బండి నంబర్ కొట్టి సేవ్ అంటడు, ప్రోగ్రామ్ పోయి ఒక సీఎస్‌వీ, అంటే కామాలతోటి విడదీసిన లెక్కల ఫైల్ చివర్ల ఒక లైన్ రాస్తది. వడ్లు దించినంక ఖాళీ బండి మళ్ల ఎక్కుతది, ఇంకో లైన్. లోడు బరువులకెళ్లి ఖాళీ బరువు తీసేస్తే వడ్ల తూకం, దాని మీదనే రైతు పైసలు. అదే ఫైల్‌ను లోపల ఆఫీసుల గుమాస్త కంప్యూటర్ నుంచి బిల్లింగ్ ప్రోగ్రామ్ నెట్‌వర్క్ షేర్ మీద సదువుతది. గుమాస్త నడుమ నడుమ సేటుకు లెక్క చెప్పనీకి దాన్నే ఎక్సెల్‌ల తెరుస్తడు, తెరిచి అట్లనే ఇడిసిపెట్టి అన్నానికి పోతడు.

ఇగ ఎక్సెల్ ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకున్నంత సేపు ఇంకెవరు దాంట్ల రాయలేరు. గేటు కాడ ప్రోగ్రామ్ రాయబోతే 32.

నేను చూసిన ఒక మిల్లుల ఎవరో రాసి ఇచ్చిన ప్రోగ్రామ్ ఎట్లుండెనంటే, ఫైల్ లాక్ అయి ఉన్నంత సేపు తిరుగుతనే ఉండు అని ఒక లూపు, దానికి గడువు లేదు, అది కూడ స్క్రీన్ నడిపే త్రెడ్ (ప్రోగ్రామ్ లోపల పని నడిచే ఒక వరుస) మీదనే. గుమాస్త అన్నం తింటుంటే గేటు కాడ స్క్రీన్ గడ్డ కట్టింది, పైన నాట్ రెస్పాండింగ్ అని పడ్డది, ఎనక నుంచి ట్రాక్టరాయన హారన్ కొడుతుండు, ఆపరేటర్ పిలగాడు ఏం చేస్తడు, టాస్క్ మేనేజర్ తెరిచి ఎండ్ టాస్క్ కొట్టిండు. ప్రోగ్రామ్ పోయింది, దాని మెమరీల ఉన్న బరువు పోయింది, బండి అప్పటికే కాటా దిగి వడ్లు దించుతుంది. లోడు బరువు లేకపోతే ఆ రైతుకు లెక్క ఏం కట్టాలె? ఇంత చిన్న విషయం, ఫైల్ కోసం ఎట్ల ఆగాలె అనేది, అక్కడ ఒక మనిషి పంట పైసల మీదికి వచ్చింది. అందుకే ఇది చిన్నది అనుకోవద్దు అని నేను ఎక్కడికి పోయినా చెప్త.

ఇప్పుడు ఆ ఈజ్ ఫైల్ లాక్డ్ అనే ఫంక్షన్ సంగతి చూద్దాం. ఇంటర్నెట్‌ల ఎక్కడ చూసినా దొరుకుతది, మీ ప్రాజెక్టుల కూడ ఉండొచ్చు. లోపల ఏముంటది? ట్రై పెట్టి ఫైల్‌ను ఎవరితోటి పంచుకోకుండ తెరుస్తది. తెరుచుకోకపోతే లాక్ అయింది అని చెప్తది. తెరుచుకుంటే... మూసేస్తది! మూసేసి, ఖాళీగనే ఉంది అని చెప్తది. ఒక్కసారి ఆలోచించండి, తెరుచుకుంది అంటే ఫైల్ మన చేతికి వచ్చినట్టే కద, వచ్చినదాన్ని ఇడిసిపెట్టి, మళ్ల కింద లైన్ల పోయి తెరవబోతున్నం. ఆ ఇడిసిపెట్టుడుకు మళ్ల పట్టుకునుడుకు నడుమ కొన్ని మైక్రో సెకన్లే ఉండొచ్చు, కని ఆ లోపల బిల్లింగ్ ప్రోగ్రామ్ రావొచ్చు, యాంటీవైరస్ రావొచ్చు, విండోస్ సెర్చ్ ఇండెక్సర్ రావొచ్చు. టెస్టింగ్‌ల వెయ్యి సార్లు నడిపినా రాదు, సీజన్ల లారీలు లైన్ కట్టినప్పుడు వస్తది. ఇంకో సంగతి, ఆ చెక్ చేసే క్షణంల ఫైల్‌ను మనమే పట్టుకొని ఉంటం, అంటే లాక్ ఉందా అని చూసుడే ఒక లాక్. రెండు ప్రోగ్రామ్‌లు ఇదే ఫంక్షన్ పెట్టుకొని ఒకే ఫైల్‌ను చూసుకుంట కూసుంటే ఒకదానికొకటి అడ్డం పడతయి, అసలు పని ఎవరూ చేయకపోయినా సరే.

అందుకే చెక్ అనేదే తీసెయ్యండి. నేరుగ తెరువు. తెరుచుకుంటే మూయకు, అదే హ్యాండిల్‌తోటి, అంటే తెరిచినప్పుడు చేతికొచ్చిన పట్టుతోటి, పని కానియ్యి. తెరుచుకోకపోతే కొంచెం ఆగి మళ్ల తెరువు. అంతే.

ఇక్కడ ఒక మాట తెలుసుకోవాలె, విండోస్‌ల ఫైల్ తెరిచే క్రియేట్ ఫైల్ అనే పిలుపుకు ఆగుడు అనేది తెల్వది. ఫైల్ ఖాళీ అయ్యేదాక నన్ను పండబెట్టు అని చెప్పే ఫ్లాగ్ ఏదీ లేదు, ఉంటే ఇస్తది లేకపోతే అప్పుడే 32 కొడతది. లాక్ ఫైల్ ఈఎక్స్ అని ఇంకొకటి ఉంది, అది తెరిచిన ఫైల్ల ఇన్ని బైట్లు నావి అని పట్టుకునేది, దానికి వెంటనే ఫెయిల్ అవ్వు అనే ఫ్లాగ్ పెట్టకపోతే అది నిజంగనే ఆగుతది. కని అది తెరిచినంక సంగతి, తెరుచుకోనే తెరుచుకోకపోతే దాని దాక పోవుడే ఉండదు. అందుకని తెరిచే కాడ మళ్ల మళ్ల ప్రయత్నం మనమే రాసుకోవాలె.

రాసేటప్పుడు ఏ తప్పుకు మళ్ల ప్రయత్నించాలె, ఏ తప్పుకు వద్దు అనేది విడదియ్యాలె. 32, 33 ఈ రెండిటికే ఆగాలె, 33 అంటే ఆ బైట్ల లాక్ అడ్డం పడ్డదని. ఫైలే లేదంటే 2, పర్మిషన్ లేదంటే 5, వాటికి ఎంతసేపు ఆగినా ఏం రాదు. మైక్రోసాఫ్ట్ డాట్ నెట్‌ల ప్రోగ్రామ్ రాస్తే ఐఓ ఎక్సెప్షన్ అనే తప్పు వస్తది, దాని హెచ్ రిజల్ట్ అనే నంబర్ మైనస్ 2147024864 అని ఉంటే అది మన 32 నే, చివరి 16 బిట్లు తీసి చూస్తే 32 అని కనబడతది. కొంతమంది మెసేజ్‌ల బీయింగ్ యూజ్డ్ అనే ముక్క ఉందా అని వెతుకుతరు, అట్ల చేయకండి, విండోస్ వేరే భాషల ఉంటే ఆ మెసేజ్ కూడ వేరే భాషల వస్తది.

ఎంతసేపు ఆగాలె అనేదానికి పుస్తకంల జవాబు ఉండదు, పనిని చూసి చెప్పాలె. గేటు కాడ బండి నిలబడి ఉంటే రెండు మూడు సెకన్లు, అంతకన్న ఎక్కువ ఆగొద్దు. రాత్రి పదకొండుకు నడిచే రిపోర్టు అయితే పది నిమిషాలు ఆగినా ఎవరికి నష్టం లేదు. కని గడువు మాత్రం ఉండాలె, గడువు అయిపోతే ఏం చేయాలె అనేది కూడ ముందే రాసి ఉండాలె, అది రాయకుండ ఊకె ఆగేటోడు సగం ప్రోగ్రామే రాసిండన్నట్టు.

ఆగేటప్పుడు కూడ ఒక పద్ధతి ఉంది. మొదలు 100 మిల్లీ సెకన్లు, మళ్ల 200, 400, 800 ఇట్ల పెంచుకుంట పోవాలె, ఒక హద్దు కాడ ఆపాలె. దానికి కొంచెం అటు ఇటు లెక్క లేని తేడా కలపాలె, ఎందుకంటే నాలుగు ప్రోగ్రామ్‌లు ఒకేసారి ఫెయిల్ అయి ఒకేసారి 100 మిల్లీ సెకన్లు ఆగితే మళ్ల ఒకేసారి వచ్చి గుద్దుకుంటయి. ఇది కొత్తగ కనిపెట్టింది కాదు, ఈథర్నెట్ చేసినోళ్లు ఒకే వైరు మీద నలుగురు మాట్లాడితే ఎట్ల అని ఇదే ఆలోచించిన్రు, 1976 ల మెట్‌కాఫ్, బాగ్స్ రాసిన పేపర్ల ఈ లెక్క ఉంది. ఇంకోటి, ఆగుడు అంటే లూపు తిప్పుడు కాదు, నడుమ నిద్ర లేకుండ లూపు తిరిగితే ఒక కోర్ మొత్తం అదే తినేస్తది, పాత కంప్యూటర్ అయితే ఫ్యాన్ సప్పుడు బయటికి ఇనబడతది. స్క్రీన్ ఉన్న ప్రోగ్రామ్‌ల త్రెడ్ స్లీప్ వద్దు, టాస్క్ డిలే పెట్టి అవెయిట్ చేయండి, అప్పుడు ఆపరేటర్‌కు ఫైల్ కోసం ఆగుతున్నం అని ఒక లైన్ చూపియ్యొచ్చు. అది కనబడితే ఆయన ఎండ్ టాస్క్ జోలికి పోడు.

ఇప్పుడు మీల చాలమందికి అర్థం కాని ఒకటి. బిల్లింగ్ ప్రోగ్రామ్ సదువుతదే గని రాయదు కద, మరి దానికెందుకు 32 వస్తది? ఎందుకంటే విండోస్‌ల షేర్ మోడ్ రెండు దిక్కుల చూస్తది. నేను తెరిచేటప్పుడు రెండు మాటలు చెప్పాలె, నేనేం చేస్త అనేది ఒకటి, నేను పట్టుకొని ఉండంగ పక్కోళ్లు ఏం చేసుకోవచ్చు అనేది ఇంకొకటి. కాటా ప్రోగ్రామ్ అప్పటికే రాయనీకి తెరిచి పెట్టుకుంది అనుకోండి, పక్కోళ్లు సదువుకోవచ్చు అని కూడ చెప్పింది. ఇప్పుడు నేను పోయి సదువుత, పక్కోళ్లు సదువుకోవచ్చు అని తెరిస్తే నాకు దొరకదు, ఎందుకంటే నేను పక్కోళ్లు రాసుకోవచ్చు అని ఒప్పుకోలేదు, అక్కడ రాసేటాయన ఆల్రెడీ ఉన్నడు. డాట్ నెట్‌ల ఫైల్ ఓపెన్ రీడ్ అన్నా, స్ట్రీమ్ రీడర్‌కు పాత్ ఇచ్చినా లోపల ఫైల్ షేర్ రీడ్ అనే పెడతయి, దాంతోనే ఇది. ఫైల్ స్ట్రీమ్ మనమే తెరిచి ఫైల్ షేర్ రీడ్ రైట్ అని చెప్తే తెరుచుకుంటది, ఆగే పనే ఉండదు. కాకపోతే రాస్తున్న ఫైల్‌ను సదువుతున్నం కాబట్టి చివరి లైన్ సగమే ఉండొచ్చు, లైన్ చివర్ల కొత్త లైన్ గుర్తు లేకపోతే ఆ లైన్ ఇప్పుడు ముట్టొద్దు, వచ్చేసారి చూసుకోవాలె.

లైనక్స్‌కు వద్దాం. అక్కడ లెక్కే వేరు. ఎఫ్‌లాక్ అనే పిలుపు 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ నుంచి ఉంది, అంటే 1983, దానికి ఎల్ఓసీకే అండర్‌స్కోర్ ఈఎక్స్ ఇస్తే ఫైల్ ఖాళీ అయ్యేదాక కెర్నెలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయే, మనల్ని పండబెట్టి, ఖాళీ కాంగనే లేపుతది. ఆగొద్దు అనుకుంటే ఎన్‌బీ అని కలపాలె, అప్పుడు వెంటనే జవాబు చెప్తది. ఇగ పోసిక్స్ అనే యూనిక్స్ ప్రమాణంల ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాకులు వేరే ఉన్నయి, అవి ఫైల్ మొత్తం కాదు ఇన్ని బైట్లు అని పట్టుకుంటయి, ఆగే రకం ఆగని రకం రెండూ ఉన్నయి.

కని ఇవన్నీ ఎట్లాంటివంటే, నల్గొండ బస్టాండ్ల దేవరకొండ బస్సు వస్తది, ఇంకా ఆగకముందే కిటికీల నుంచి సీటు మీద కర్చీఫ్ ఏస్తం, ఎక్కి వచ్చేదాక సీటు మనదే. ఎందుకు మనది? ఆ కర్చీఫ్‌ను చూసి ఆగేటోళ్లు ఉన్నరు కాబట్టి. ఎవరన్న తీసి పక్కన పెట్టి కూసుంటే కర్చీఫ్ ఏం చేయలేదు. లైనక్స్‌ల లాక్ అసుమంటిదే, అడ్వైజరీ అంటరు. మీ ప్రోగ్రామ్ ఎఫ్‌లాక్ అడిగి ఆగుతది, పక్క ప్రోగ్రామ్ అసలు లాక్ అనేదే అడగకుండ నేరుగ ఫైల్ తెరిచి రాసేస్తే కెర్నెల్ ఆపదు. ఒకప్పుడు తప్పనిసరి లాకులు కూడ ఉండె, ఫైల్ పర్మిషన్లల ఒక బిట్ పెట్టి, ఫైల్ సిస్టమ్‌ను ప్రత్యేకంగ మౌంట్ చేస్తే పనిచేసేటివి, కని వాటిని నమ్ముకునేటట్టు లేకుండె, వాడేటోళ్లు లేరు, 2021 ల లైనక్స్ 5.15 నుంచి తీసేసిన్రు. అంటే లైనక్స్‌ల ఆ ఫైల్‌ను ముట్టే ప్రతి ప్రోగ్రామ్ ఒకే ఒప్పందం మీద ఉండాలె, ఒక్కటి తప్పినా మిగిలినోళ్లు పాటించి లాభం లేదు.

ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాకుల ఒక గుంత ఉంది, అది చెప్పకుండ పోతే పాపం. ఒక ప్రాసెస్ ఒక ఫైల్ మీద లాక్ తీసుకుంది, అదే ప్రాసెస్‌ల ఎక్కడో ఒక లైబ్రరీ అదే ఫైల్‌ను వేరేగ తెరిచి, సదివి, మూసింది. అంతే, మన లాక్ పోయింది! మనం మూయలేదు, మన హ్యాండిల్ తెరిచే ఉంది, అయినా పోయింది, ఎందుకంటే ఆ లాక్ ప్రాసెస్ పేరు మీద ఉంటది, ఆ ఫైల్ ఏ హ్యాండిల్ మూసినా మొత్తం ఖతం. ఎర్రర్ రాదు, లాగ్‌ల ఏం పడదు. దీనికోసమే 2014 ల లైనక్స్ 3.15 ల ఓఎఫ్‌డీ లాకులు తెచ్చిన్రు, అవి తెరిచిన ఫైల్‌కు అంటుకొని ఉంటయి, ప్రాసెస్‌కు కాదు. కొత్తగ రాసేటోళ్లు అవి గని ఎఫ్‌లాక్ గని వాడండి.

గడువు పెట్టి ఆగాలంటే షెల్‌ల, అంటే కమాండ్లు కొట్టే కాడ, సులువు, ఎఫ్‌లాక్ కమాండుకు డ్యాష్ డబ్ల్యూ 30 అని ఇస్తే 30 సెకన్లు చూసి దొరకకపోతే 1 అనే కోడుతోటి బయటికి వస్తది. టైముకు జాబులు నడిపే క్రాన్‌ల నిమిషానికోసారి నడిచే జాబులకు డ్యాష్ ఎన్ పెడితే ముందటిది ఇంక నడుస్తుంటే కొత్తది ఆగకుండ ఎళ్లిపోతది, అట్ల ఒకదాని మీద ఒకటి పేరుకోవు. పైథాన్‌ల విండోస్ మీద ఎంఎస్‌వీసీఆర్‌టీ లాకింగ్ వాడేటోళ్లకు ఒక మాట, ఎల్‌కే లాక్ అని ఇస్తే అది ఖాళీ అయ్యేదాక ఆగుతది అనుకుంటరు, కాదు, సెకనుకోసారి చొప్పున పదిసార్లు చూసి ఎర్రర్ కొడతది.

రెండు ఫైళ్లు పట్టుకోవాల్సి వస్తే ఎప్పుడైన ఒకే వరుసల పట్టుకోండి. కాటా ప్రోగ్రామ్ ముందు తూకం ఫైల్, తర్వాత స్టాక్ ఫైల్ పట్టుకొని, బిల్లింగ్ ముందు స్టాక్, తర్వాత తూకం పట్టుకుంటే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురు చూసుకుంట తెల్లారిపోతది. ఎఫ్‌సీఎన్‌టీఎల్ దీన్ని పసిగట్టి ఒకరికి డెడ్‌లాక్ అని ఎర్రర్ ఇస్తది, ఎఫ్‌లాక్ పసిగట్టదు.

ఇప్పుడు మిల్లు దగ్గరికి మళ్ల పోదాం, ఎందుకంటే అక్కడ చేసిన మార్పు నాకు శాన నచ్చింది. ఆగే కోడు బాగు చేసుడు సరే, కని గేటు కాడ బండి అసలు ఎక్సెల్ కోసం ఎందుకు ఆగాలె? ఒకే ఫైల్ల అందరూ రాసుడు సదువుడు పెట్టుకున్నం కాబట్టి. దాన్నే మార్చేసినం. కాటా ఎక్కిన ప్రతిసారి ఒక కొత్త చిన్న ఫైల్. ముందు టీఎంపీ అనే పేరుతోటి గేటు కంప్యూటర్‌లనే రాస్తది, అంత రాసి, డిస్క్ మీదికి ఫ్లష్ చేసి, మూసినంక అప్పుడు పేరు మారుస్తది, బండి నంబర్, టైము, వరుస నంబర్ కలిపిన పేరు, చివర్ల టీఎక్స్‌టీ. ఒకే డ్రైవ్ మీద పేరు మార్చుడు అనేది ముక్కలు ముక్కలుగ కాదు, బిల్లింగ్ కంటికి ఆ ఫైల్ అయితే లేనట్టు లేకపోతే మొత్తం ఉన్నట్టు, సగం ఫైల్ కనబడే పనే లేదు. ఇంకో డ్రైవ్‌కు మారిస్తే మాత్రం అది పేరు మార్పు కాదు, కాపీ చేసి పాతది తీసేసుడు, అప్పుడు ఈ గ్యారంటీ పోతది, అందుకే టెంపరరీ ఫైల్ కూడ అదే ఫోల్డర్ల పెట్టుకోవాలె.

బిల్లింగ్ ఏం చేస్తదంటే ఆ ఫోల్డర్‌ను చూసుకుంట ఉంటది, టీఎక్స్‌టీ కనబడితే తీసి తన లెక్కల కలుపుకొని, అయిపోయినయి అనే ఫోల్డర్‌కు జరుపుతది. గుమాస్తకు కావాల్సిన సీఎస్‌వీ బిల్లింగే తయారు చేసి ఇస్తది, అది ఆయన సొంతం, పొద్దంతా ఎక్సెల్‌ల తెరిచి పెట్టుకున్నా గేటుకు సంబంధం లేదు. కేబుల్ తెగి ఆఫీసుకు నెట్‌వర్క్ పోయినా కూడ గేటు కాడ తూకం ఆగదు, ఫైళ్లు అక్కడే జమ అయి లైన్ రాంగనే పోతయి. ఫైల్ సిస్టమ్ వాచర్ వాడేటోళ్లకు దీంతోటి ఇంకో తలనొప్పి కూడ పోతది. క్రియేటెడ్ అనే ఈవెంట్ ఫైల్ పుట్టంగనే వస్తది, రాసుడు అయిపోయినంక కాదు, పెద్ద ఫైల్ కాపీ అయితుంటే మనం ఈవెంట్ రాంగనే పోయి తెరిచి 32 తిని వస్తం. పేరు మార్పు ఈవెంట్ కోసం చూస్తే ఆ బాధ లేదు, పేరు మారింది అంటే రాసుడు అయిపోయిందన్నట్టే.

ఇగ ప్రశ్నలు అడగండి.

ముందు వరుసల నుంచి ఒక చెల్లె: సార్, ఇంత కష్టం ఎందుకు, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టుకుంటే అయిపోదా?

పెట్టుకోవచ్చు చెల్లె, మంచి ప్రశ్న, చాల చోట్ల అదే సరైన జవాబు. కని దాంట్ల కూడ ఆగుడు ఉంటది, రాసేటోడు ఒక టైముల ఒక్కడే. ఇంకొకరు రాస్తుంటే డేటాబేస్ ఈజ్ లాక్డ్ అని వస్తది, దాని బిజీ టైమౌట్ ఎంతో మనం చెప్పాలె, సీ లైబ్రరీల చెప్పకపోతే సున్నా, అంటే ఆగనే ఆగదు, పైథాన్‌ల అయితే డిఫాల్ట్‌గ 5 సెకన్లు ఆగుతది. 2010 ల వచ్చిన వాల్ మోడ్, అంటే మార్పులను ముందు వేరే లాగ్ ఫైల్ల రాసే పద్ధతి, ఆన్ చేసుకుంటే సదివేటోళ్లు రాసేటోళ్లను ఆపరు, రాసేటోళ్లు సదివేటోళ్లను ఆపరు. కాకపోతే వాల్ మోడ్ ఒకే కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రామ్‌లకే, నెట్‌వర్క్ షేర్ మీద పనిచేయదు, ఎందుకంటే ఆ ప్రోగ్రామ్‌లు మెమరీ పంచుకోవాలె. మిల్లుల గేటు ఒక కంప్యూటర్, ఆఫీసు ఒక కంప్యూటర్, అందుకే అక్కడ అది కుదరలే.

ఎనక నుంచి ఒక తమ్ముడు: ఫైల్‌ను ఎవరు పట్టుకున్నరో తెలుసుకునుడు ఎట్ల అన్న?

విండోస్‌ల రిసోర్స్ మానిటర్ తెరువు, సీపీయూ ట్యాబ్‌ల అసోసియేటెడ్ హ్యాండిల్స్ అని ఉంటది, ఫైల్ పేరు కొడితే ఏ ప్రాసెస్ పట్టుకుందో చూపిస్తది. నెట్‌వర్క్ షేర్ మీది ఫైల్ అయితే ఆ షేర్ ఉన్న కంప్యూటర్ల పోయి చూడాలె, మన దగ్గర కనబడదు. ప్రోగ్రామ్‌లకెళ్లే తెలుసుకోవాలంటే రీస్టార్ట్ మేనేజర్ ఏపీఐ ఉంది, విస్టా నుంచి. లైనక్స్‌ల ఎల్ఎస్ఓఎఫ్, ఫ్యూజర్, ఇంక స్లాష్ ప్రోక్ స్లాష్ లాక్స్ అనే ఫైల్. మెసేజ్‌ల ఆ పేరు చూపించగలిగితే చూపియ్యండి, ఫైల్ బిజీ అనేదానికన్న ఆఫీసు కంప్యూటర్ల ఎక్సెల్ తెరిచి ఉంది అని వస్తే ఆపరేటర్ ఫోన్ చేసి మూయమంటడు, పని అయితది.

అదే తమ్ముడు: మరి డాట్ లాక్ అని ఒక ఖాళీ ఫైల్ పెట్టుకొని, అది ఉంటే ఆగుడు, లేకపోతే పని చేసుడు, ఇట్ల అయితే?

కోడు మార్పులు దాసే గిట్ అట్లనే చేస్తది, ఇండెక్స్ డాట్ లాక్ అని. ఫైల్ ఉందా చూసి తర్వాత సృష్టించుడు మాత్రం వద్దు, అది మళ్ల అదే సందు. లేకపోతేనే సృష్టించు, ఉంటే ఫెయిల్ అవ్వు అని ఒకే పిలుపుల అడగాలె, లైనక్స్‌ల ఓ క్రియేట్‌తోటి కలిపి ఓ ఎక్స్‌క్లూజివ్ (O_EXCL) ఫ్లాగు, డాట్ నెట్‌ల ఫైల్ మోడ్ క్రియేట్ న్యూ. దాని బాధ ఏందంటే కరెంటు పోయినా, ప్రోగ్రామ్ కూలినా ఆ ఫైల్ అక్కడనే ఉంటది, తీసేటోడు ఉండడు, పొద్దుగాల వచ్చి చూస్తే ఎవరూ లేకపోయినా అందరూ ఆగే ఉంటరు. లోపల ప్రాసెస్ నంబర్ రాసుకుంటరు కొందరు, కని మిషన్ రీస్టార్ట్ అయినంక అదే నంబర్ వేరే ప్రోగ్రామ్‌కు రావొచ్చు. కెర్నెల్ ఇచ్చిన లాక్ అయితే ప్రాసెస్ చస్తే దానంతట అదే ఇడుస్తది.

పక్కన ఇంకో తమ్ముడు: ఎట్ల చచ్చినా ఇడుస్తదా అన్న? బలవంతంగ చంపే కిల్ డ్యాష్ 9 కొట్టినా?

ఇడుస్తది, కని ఒక మెలిక ఉంది, ఇంటికి పోయి చేసి చూడు. మూడు టెర్మినల్స్ తెరువు. మొదటిదాంట్ల ఎఫ్‌లాక్, ఒక ఫైల్ పేరు, స్లీప్ 300 అని కొట్టు. రెండోదాంట్ల ఎఫ్‌లాక్, అదే ఫైల్, ఎకో వచ్చింది అని కొట్టు, అది ఆగి ఉంటది. ఇప్పుడు మూడోదాంట్ల పోయి ఆ మొదటి ఎఫ్‌లాక్ ప్రాసెస్ నంబర్ చూసి కిల్ డ్యాష్ 9 కొట్టు. రెండో టెర్మినల్ కదలదు! ఎందుకు కదలదు? ఎఫ్‌లాక్ కమాండు స్లీప్‌ను పిల్ల ప్రాసెస్‌గ నడిపింది, తెరిచిన ఫైల్ ఆ పిల్లకు కూడ పోయింది, ఎఫ్‌లాక్ రకం లాక్ తెరిచిన ఫైల్‌కు అంటుకొని ఉంటది కాబట్టి స్లీప్ బతికి ఉన్నంత సేపు లాక్ బతికే ఉంటది. స్లీప్‌ను కూడ కిల్ చేస్తే అప్పుడు వచ్చింది అని పడతది. సర్వర్ల మీద స్క్రిప్టు లాక్ తీసుకొని నడుమ ఒక డీమన్‌ను, అంటే ఎనక నడుస్తనే ఉండే ప్రోగ్రామ్‌ను, లేపుతది, స్క్రిప్టు అయిపోతది, డీమన్ దినాలకు దినాలు నడుస్తది, లాక్ ఎవరి దగ్గర ఉందో అర్థం కాక తల గోక్కుంటరు, అది ఇదే. అసుమంటి చోట ఎఫ్‌లాక్‌కు డ్యాష్ ఓ ఇయ్యి, పిల్లకు ఇచ్చే ముందు ఆ హ్యాండిల్ మూసేస్తది. మళ్ల అదే పరీక్ష డ్యాష్ ఓ పెట్టి చెయ్యి, ఈసారి ఎఫ్‌లాక్‌ను ఒక్కదాన్ని చంపంగనే రెండో టెర్మినల్ కదులుతది, స్లీప్ మాత్రం ఇంకా నడుస్తనే ఉంటది, అంటే పని అయిపోకముందే లాక్ పోయింది, ఆ సంగతి కూడ లెక్కల పెట్టుకొనే డ్యాష్ ఓ వాడాలె.